తాలు గింజల చెట్టు

మా చెల్లెలి కూతుర్ని మా మొక్కల నర్సరీలో అందరూ ఉడుత అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, చెట్టెక్కడం నేర్పిందీ నేనే. ఊరి బడిలో ఐదు వరకే చదివినా, ఈ కొండ మీది పచ్చదనంలో సగం నా చేతి చలవ. పెద్దాఫీసరు వేదిక మీదికి పిలిచి మరీ పతకం ఇచ్చాడు. ఆయనకు తాడు ముడి వేయడం నేర్పిందీ నేనే. ఇంత చేసినవాణ్ణి, ఆ రోజు క్వారీ పక్కన తాడు పట్టుకుని, బిగించాలో వద్దో తెలియక నిలబడిపోయాను.

ఉడుత గింజలు కోసే పనిలో పేరు తెచ్చుకున్న పిల్ల. ఒకసారి కొమ్మ విరిగి పడింది. తుంటి ఎముక అతికింది గానీ ధైర్యం అతకలేదు. ఆ తర్వాత బల్లెక్కి బల్బు మార్చమన్నా చెమటలు పట్టేవి. షెడ్డులో కూర్చుని గింజల్ని నీళ్లలో పోసి, తేలిన తాలు పారబోసి, మునిగినవి ఆరబెట్టేది.

ఈ ఏడు మా మొక్కలకు ఎండు తెగులు తగిలింది. ఒక్కటీ మిగలకుండా తలలు వాల్చేశాయి. ఆకులు పరీక్షకు పట్టుకెళ్లిన చెట్ల డాక్టరమ్మ తిరిగొచ్చి కూర్చుంది.

"పెద్దాయనా, ఇవన్నీ ఒకే తల్లి పిల్లలు. ఒకటి తట్టుకోలేకపోతే ఏదీ తట్టుకోలేదు."

ఒకప్పుడు ఇదంతా ఒకటే అడవి. మధ్యలో రోడ్డు పడింది, అటు క్వారీ, ఇటు పొలాలు వచ్చాయి, అడవి తునకలైంది. మా తునకలో విరగకాసే చెట్టు ఒక్కటే మిగిలితే, అందరం దాని గింజలే నాటుతూ వచ్చాం.

క్వారీ అంచున అదే జాతి చెట్టు ఇంకొకటుంది. వంకర చెట్టు. తెగులు దాని జోలికి పోలేదు. గింజలూ బాగానే రాల్చింది. ఉడుత నీళ్లలో పోస్తే ఒక్కటీ మునగలేదు. కోసి చూస్తే అన్నీ డొల్ల.

"పాపం, ఒంటరిది" అంది డాక్టరమ్మ. "క్వారీ దుమ్ము దాటి తేనెటీగలు రావడం లేదు. దాని పుప్పొడి దానికే పడుతోంది. కొండ వెనక చెట్ల పుప్పొడి తెచ్చి పూలకు అద్దితేనే గింజ కడుతుంది."

"నేనెక్కుతా" అన్నాను.

"నువ్వా మావయ్యా? డాబా మెట్ల మీదే రెండుసార్లు కూలబడ్డావు. నీ పతకం బరువుకే కొమ్మ విరుగుతుంది" అని నవ్వింది ఉడుత. నవ్వు ఆగాక, "నాకు భయంగానే ఉంది. అయినా నేనే ఎక్కుతా. ఆ చెట్టూ పోతే తెగులు తట్టుకునేది ఇంకేదీ మిగలదు" అంది.

చెట్టు మొదట్లో నేల బీట తీసి ఉంది. అవతల అడుగు కనిపించని క్వారీ గొయ్యి. మా పనిలో ఒక పద్ధతుంది. ఎక్కేవాళ్లు కొమ్మ కొమ్మకూ "ఉన్నా" అని కేకెయ్యాలి. కేక ఆగిందంటే పట్టు తప్పిందని లెక్క, కిందివాళ్లు వెంటనే తాడు బిగించాలి. ఆ పద్ధతి పెట్టిందీ నేనే.

"ఉన్నా... ఉన్నా..."

పై కొమ్మ దాకా వినిపించింది. తర్వాత లేదు.

"ఉడుతా!"

ఒక మట్టిపెళ్ల జారి గొయ్యిలో పడింది. బిగిస్తే ఆగుతుందా, లేక పూల కోసం వంగి ఉంటే నా చేత్తో నేనే లాగి పడేస్తానా? మా చెల్లెలికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

"బిగించండి!" అని డాక్టరమ్మ అరిచింది. తాడు మీద వేళ్లు బిగుసుకుంటుండగా పైనుంచి ఏదో వచ్చి నా భుజానికి ఠపీమని తగిలింది. ఉడుత కాలి బూటు!

తలెత్తి చూశాను. రెండు చేతులూ కొమ్మకే కావాల్సొచ్చి, డాక్టరమ్మ తెచ్చిచ్చిన పుప్పొడి పొట్లం పళ్ల మధ్య పట్టుకుంది. నోరు తెరిస్తే పొట్లం గొయ్యి పాలు. అందుకే కేకకు బదులు బూటు విదిలించింది. పతకం అందుకున్న రోజు కూడా నేనంత పొంగిపోలేదు.

పూలు అద్దిన కొమ్మకు ఎర్రగుడ్డ కట్టి దిగింది. కాయ పండేదాకా ఆగాం. మొన్న ఆ గుడ్డ కింద నాలుగు గింజలు రాలితే నీళ్లలో వేసింది. మునిగాయి. కోసి చూస్తే తెల్లటి పప్పు.

మిగతావి గాలికి గొయ్యిలో రాలకముందే కోసుకోవాలి. చెట్టు మొదట్లో బీట ఇప్పుడు నా చెయ్యి పట్టేంత వెడల్పయింది.

"ఈసారైనా పలుకుతావా?" అన్నాను.

"నోరు ఖాళీయే మావయ్యా. నువ్వు ముందు ఊపిరి పీల్చుకో" అంటూ నడుముకు తాడు బిగించుకుంది. ముడిని రెండుసార్లు లాగి చూసుకుంది. నేనూ లాగి చూశాను.

"ఉన్నా" అంది మొదటి కొమ్మ మీంచి.