సర్వే సారుకు నేను చెప్పిన జవాబులు

నవ్వేది ఉంటె ఇప్పుడే నవ్వుండ్రి, చాయ్ తాగుకుంట నవ్వితె పొలమారుతది. నా నోటితోని నేనే నా ఇంటి జాగ పోగొట్టుకున్న సంగతి చెప్తున్న. ఒక్కసారి కాదు, రెండుసార్లు అబద్ధమాడిన. రెండుసార్లు తప్పు మనిషికే ఆడిన!

మీకు ఎర్కనే గదా, మా ఆయన గంగాధర్ మార్కెట్ యార్డుల కాంట మీద పసుపు బస్తాలు జోకుతడు. నేను ఇంట్ల మిషిన్ పెట్టుకోని జాకెట్లు కుడుత. మాకు ఇద్దరాడపిల్లలు. శంకర్ సేటు ఇంటెనుక ఒక్క అర్రల కిరాయికున్నం అప్పుడు. సేటుకు మార్కెట్ల అడ్తి దుకాణం. రైతుల పసుపు అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటడు.

గా యేడు పసుపు మస్తు పలికింది. భీమ్‌గల్ కెల్లి, జక్రాన్‌పల్లి కెల్లి ట్రాక్టర్లు బారులు తీరినయి. ఊర్ల ఏడ చూసినా కొత్త స్కూటర్లు, కొత్త దుకాణాలు, ఎస్టీడీ బూత్‌లు. మా ఆయనకు చేతినిండ పని. మేము గూడ ఒక టీవీ కొనుక్కున్నం. గంతవరకు మంచిగనే ఉన్నది. కని ఇండ్ల సంగతి చూడుండ్రి! ఖాళీ అర్ర కనవడితె సాలు, బస్తాలు పెట్టుడే. మనిషికి కిరాయికిచ్చేకంటె బస్తాకిచ్చుడు నయమని ఓనర్లకు సమజైంది. బస్తా నీళ్లు అడగది, బస్తా గోడలకు మేకులు కొట్టది. సేటు ఇంటెనుక నాలుగు అర్రలుంటె మూడు గోదాములైనయి. నాలుగోది మాది. గోడకు అవతల పసుపు, ఇవతల మేము.

"గంగామణీ, జర వేరే ఇల్లు చూసుకోవాలె బిడ్డా," అని సేటు మొదలువెట్టిండు. కోపం లేదు, తిట్టుడు లేదు. నవ్వుకుంట అడుగుతడు. నవ్వుకుంట అడిగెటోనికి ఏం జవాబు చెప్తం?

ఊరంత తిరిగినం. ఏడికి వోయినా, "పిల్లలెంతమంది?" అని అడుగుడు, తలుపు దగ్గరికి వేసుడు.

గంతల ఎలక్షన్లు దగ్గరికొచ్చినయి. గద్దె మీద ఉన్న పార్టీ జీపు వచ్చి, "ఇల్లు లేనోళ్లకు ఇంటి జాగ, పట్టా చేతికిస్తం" అని మైకుల చెప్పిపాయె. ఎనుకనే ఇంకో పార్టీ జీపు. "వాళ్లు జాగనే ఇస్తరు, మేము ఇల్లు గూడ కట్టిస్తం!" మా సేటు ఒక పార్టీకి తన జీపు ఇచ్చిండు. ఇంకో పార్టీకి ఆఫీసు పెట్టుకోనీకి దుకాణం ముంగటి అరుగు ఇచ్చిండు. రెండు పార్టీలోళ్లు సేటుకు నమస్తె పెట్టిన్రు.

మా ఆయన యార్డుల ఎవరో అంటె ఇని వచ్చిండు. "ఇంటింటికి సర్వే చేస్తరట. పేదోళ్లమని తెలిస్తెనే పేరు రాసుకుంటరట. టీవీ కనవడితె అయిపాయె!"

గంతె. నాకు ఇంక నిద్ర వడ్తదా?

ఒకనాడు పొద్దున కండ్లద్దాలు, చేతుల ఫైలు, ఇస్త్రీ అంగి వేసుకున్న సారొకాయన గల్లీల దిగిండు. పక్కింటి పోసాని ఉరికొచ్చి, "అక్కా, సర్వే సారు వచ్చిండు!" అని చెప్పింది. కరెంటు లేదు. నేను టీవీ మీద బొంత కప్పిన. మిక్సీ మంచం కిందికి తోసిన. పిల్లలకు మంచి గౌన్లు ఇడిపించి, చినిగినయి వేసిన. గదీ సాలలేదు నాకు! పోసాని అత్త రాజవ్వను బతిమిలాడి తీస్కొచ్చి, బొంత ముంగట కూసోవెట్టిన. "అవ్వా, నువ్వు మా అత్తవు. జర దగ్గు."

సారు లోపలికొచ్చి నిమ్మళంగ అడుగుడు షురూ చేసిండు. ఇల్లు సొంతమా, కిరాయా? ఎంతమంది ఉంటరు? ఐదేండ్ల కిందికి ఇప్పటికి బతుకు మంచిగైందా?

"ఏం మంచిగ సారూ! ధర పెరిగితె రైతుకు పెరిగింది, సేట్లకు పెరిగింది. మాకు కిరాయి పెరిగింది," అన్న. గది మాత్రం నిజమే. తర్వాత ఇంత ఏడ్చిన. ముసల్దానికి మందులకు లేవన్న. రాజవ్వ దగ్గింది. మస్తు దగ్గింది.

"ఏ పార్టీకి ఓటేస్తరమ్మా?"

"మీకే సారూ! మీ పార్టీకే!"

సారు పెన్ను ఆపి నా మొఖం చూసిండు. అప్పుడే కరెంటు వచ్చింది. బొంత కిందికెల్లి పెద్దగ పాట! కరెంటు పోయినప్పుడు టీవీ బటన్ బందు చెయ్యలేదు నేను. రాజవ్వ "అవ్వో!" అని లేచి మంచం మీద పడ్డది. దగ్గుడు మర్చిపోయింది. నా చిన్న బిడ్డ చప్పట్లు కొట్టుకుంట, "టీవొచ్చింది, టీవొచ్చింది!" అని ఎగురవట్టింది.

సారు నవ్వలేదు. కాగితం మీద ఏందో రాసుకుంట, "నాకు పార్టీ లేదమ్మా. నేను హైదరాబాద్ల కాలేజీల పాఠం చెప్త. ఊర్లు పెరుగుతుంటె జనం ఎవరికి ఓటేస్తరో తెలుసుకుంటున్న. మీరు టీవీ చూసుకోండ్రి," అన్నడు.

భూమి పలిగితె లోపలికి వోయేదాన్ని. గల్లీ గల్లీ నవ్వింది. నీళ్లకు వోతె, "గంగామణీ, నీ బొంత ఇయ్యాల ఏం పాట పాడింది?" అని అడుగుడే. జాకెట్లు ఇయ్యనొచ్చినోళ్లు బొంత దిక్కు చూసుడే. రాజవ్వ అయితె నాతోని మాట్లాడుడే ఇడిసిపెట్టింది.

"పోనీతియ్, సర్కారు సర్వే అయిపోయిందట, ఇంక ఎవ్వరు రారు," అన్నడు మా ఆయన. ఆయన చెప్పేది యార్డుల ఇన్నదే. నేను నమ్మిన.

పది పదిహేను దినాలైంది. ఒకాయన లూనా బండి మీద వచ్చిండు. మాసిన అంగి, తెగిన చెప్పుకు పిన్నీసు. చంకల ఒక రిజిస్టరు. "సర్వే అమ్మా," అన్నడు.

సర్వేనా! నా కడుపుల ఉన్న మంటంత లేచింది. ఈయన గూడ ఆ కాలేజోళ్ల మనిషే! మళ్ల నవ్వనొచ్చిన్రా మా మీద? గల్లీ ఆడోళ్లు తలుపులల్ల నిలవడి చూడవట్టిన్రు. ఈసారి చూపిస్త అనుకున్న. టీవీ పెట్టిన, ఆవాజ్ పెంచిన. కప్పు సాసర్ల చాయ్ ఇచ్చిన. పుస్తెలతాడు కొంగు మీదికి తీసుకున్న.

"సొంత ఇల్లు ఉన్నదా అమ్మా?" అని మెల్లగ అడిగిండు.

"ఇయ్యాల లేదు, రేపు ఉంటది! అంకాపూర్ తొవ్వల ప్లాటు మాట్లాడుకుంటున్నం."

మాట్లాడుకునుడు ఏం లేదు. ఒక్కపారి ధర అడిగి, ఎనుకకు చూడకుంట ఇంటికొచ్చినం.

"మరి పట్టా..."

"పట్టా ఎవరికి గావాలె? సర్కారు ఇచ్చే జానెడు జాగ కోసం మేము ఎదురుచూస్తలేం. మా ఆయనకు మంచి పనున్నది, నా మిషిన్ నడుస్తున్నది. మాకేం తక్కువ?" తలుపులల్ల ఉన్నోళ్లకు ఇనవడాలెనని గట్టిగ చెప్పిన. "ఓటు సంగతి అడగకముందే చెప్తున్న, రాసుకోండ్రి. గద్దె మీదున్నోళ్లకు మాత్రం ఎయ్యం!"

ఆయన అయ్యో అన్నట్టు చూసిండు. "ఇంకొక్కసారి ఆలోచన చెయ్యమ్మా," అన్నడు.

"ఆలోచన ఏంది, ఏడ సంతకం పెట్టాలెనో చూపియ్యుండ్రి!"

చూపిచ్చిండు. పెట్టిన. పేరుకింద గీత గూడ గీసిన.

లిస్టు మండల ఆఫీసు గోడకు అతికించిన్రు. మా ఆయన మీదికెల్లి కిందికి చదివిండు, కిందికెల్లి మీదికి చదివిండు. మా పేరు లేదు. పోసాని వాళ్లది ఉన్నది. శంకర్ సేటుది ఉన్నది! ఇల్లు ఆయన తల్లి పేరు మీదున్నదట. కాబట్టి సేటుకు ఇల్లు లేదట. కాగితంల ఒక్క అబద్ధం లేదు.

లోపలికి ఉరికినం. బల్ల ఎనుక ఎవరున్నరు? పిన్నీసు చెప్పు ఆయనే!

"సారూ, మీరు సర్కారోళ్లని చెప్పలేదు గదా!"

"నువ్వు చెప్పనిచ్చినవా అమ్మా?" అని రిజిస్టరు తీసిండు. నా మాటలు నాకే చదివి వినిపిచ్చిండు. 'సొంతంగ జాగ కొనుక్కునే స్థోమత ఉన్నది. పట్టా అవసరం లేదన్నరు.' కింద నా సంతకం. మా ఆయన సంతకం దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. రిజిస్టరు మూసి సారు చేతికిచ్చి, నాకంటె ముంగట నడిసిండు. తిట్టినా బాగుండు.

ఆనాడు ఏడ్చింది నిజం ఏడుపే, బొంత అక్కరలేకపాయె.

ఓట్ల దినం వచ్చింది. కోపంల అవతలి పార్టీకి గుద్దిన. నా లెక్కనే అందరు గుద్దినట్టున్నరు, వాళ్లే గెల్చిన్రు. ఇంక మా పని అయితదనుకున్న. దరఖాస్తు వట్టుకోని వోతె, "పట్టాలు ఇస్తున్నం గదా," అన్నరు. నిజంగనే ఇచ్చిన్రు. గద్దె మీద మనుషులు మారిన్రు, ఫోటోలు మారినయి. లిస్టు మాత్రం గదే.

పట్టాలిచ్చిన కాలనీల సేటు తన జాగల జల్ది రెండర్రల ఇల్లు లేపిండు. సున్నం ఆరకముందే నవ్వుకుంట వచ్చిండు. "గంగామణీ, మీ అర్ర నాకు బస్తాలకు గావాలె. ఫికర్ చెయ్యకు, కాలనీల కొత్త ఇల్లు ఉన్నది గదా. కిరాయికి అండ్ల ఉండుండ్రి. తెలిసినోళ్లు మీరు, వేరేటోళ్లకు ఎందుకిస్త?"

పోయినం. ఏం చేస్తం?

మొన్న కాలనీల బోరింగు షురూ చేయనీకి గెల్చిన నాయకుడు వచ్చిండు. దండలు, డప్పులు. సేటు ఆయన పక్కకే నిలవడ్డడు. నాయకుడు మైకు వట్టుకోని, "ఈ కాలనీల ప్రతి ఒక్కరికి సొంత ఇల్లు ఇచ్చినం! ఇల్లు లేనోళ్లు ఒక్కరన్న ఉంటె చెయ్యి ఎత్తుండ్రి!" అన్నడు.

నా చెయ్యి నన్ను అడగకుంటనే లేచింది.

గంతమందిల ఒక్కటే చెయ్యి! సేటు చూసిండు. కోపం లేదు, నవ్విండు గంతె. నాకు ఒక్కసారే ఆ రెండర్రలు, పిల్లల బడి, నా మిషిన్ అన్ని యాదికొచ్చినయి. ఎత్తిన చెయ్యిని కొప్పు దాంక తెచ్చి, పిన్ను సర్దుకున్న.

"చూసిన్రా, ఒక్కరు గూడ లేరు!" అన్నడు నాయకుడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను గూడ కొట్టిన. నేనే అందరికంటె గట్టిగ కొట్టిన్నట, మా ఆయన చెప్పిండు.