నీలం డ్రమ్ము గురించి నేను చెప్పిన నిజం

కోతలు కోసి జనాన్ని నవ్వించే పిట్టలదొర వేషానికి ముఖ్యం గొంతు కాదు, ముఖం. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి ఎవరైనా తగిలించుకోవచ్చు. కానీ ఎంత పెద్ద కోత కోస్తుంటే ముఖం అంత గంభీరంగా ఉండాలి. చెప్పేవాడు నవ్వితే వేషం చెడిపోతుంది. సూర్యాపేటలో పగలు బోరు మోటార్లకు వైండింగ్ చేసుకుంటూ, పిలిచిన చోటికల్లా వెళ్లి ఈ వేషం కడుతూ సగం వయసు గడిపేశాను. ఇన్నేళ్లలో నా ముఖం ఎంతగా కుదిరిపోయిందంటే, ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైందన్నా ఎవరూ నమ్మరు.

ఆ ఎండాకాలం మా వైపు కళాకారులంతా కలిసి కళాజాతర పెట్టుకున్నారు. ఒకరోజు సూర్యాపేట, మరునాడు కోదాడ, ఆ పై రోజు మిర్యాలగూడ. ఒగ్గుకథ వాళ్లు, డప్పుల వాళ్లు, కోలాటం ఆడవాళ్లు, మధ్యలో నేను. కమిటీ పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఎండలు మండుతున్నయ్. జనానికి జర మంచి మాటలు నువ్వే చెప్పాలె. నీళ్లు మంచిగ తాగుమను, చేతులు కడుక్కొమ్మను, పిల్లలను ఎండల తిప్పొద్దను. నువ్వు చెప్తే అందరు వింటరు."

వింటారు, నిజమే. నమ్ముతారా అన్నది ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

కోలాటం జట్టుకు ముందు నిలబడేది మా అక్క. అరవైకి దగ్గరపడింది, షుగరు కూడా ఉంది. మిర్యాలగూడ ఆమె అత్తగారి ఊరు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు బతుకమ్మ దగ్గర పాట ఎత్తుకుంటే, "గంత గొంతేంది, జర తగ్గించు" అన్నారట. అప్పటినుంచి తగ్గించే ఉంది. ఇన్నాళ్లకు ఆ ఊళ్లోనే మైకు ముందు పాట ఎత్తుకుంటానని ఎండాకాలమంతా డాబా మీద సాధన చేసింది. ఆమెకు జాతరంటే ఆ చివరి రోజే.

సూర్యాపేటలో స్టేజీ పక్కన చెట్టు నీడలో ఒక నీలం డ్రమ్ము పెట్టారు. చేతులు కడుక్కోవడానికి, రంగులు కడుక్కోవడానికి ట్యాంకరు నీళ్లు పోశారు. తాగే నీళ్ల క్యాన్లు వేరే ఉన్నాయి, స్టేజీకి అవతలి వైపు. ఇంతలో ఎవరో పుణ్యానికి డ్రమ్ముకు ఒక స్టీలు గ్లాసు తగిలించారు. మా దగ్గర ఎండాకాలంలో నీడన డ్రమ్ము, దానికొక గ్లాసు కనిపిస్తే అది చలివేంద్రమే. ఎవరు పెట్టారు, ఏ నీళ్లు అని అడగడం మర్యాద కాదు. తొంగి చూస్తే అడుగున పాచి. గ్లాసు తీసి దాచాను. అటు వెళ్లి ఇటు వచ్చేసరికి ఇంకో గ్లాసు వేలాడుతోంది.

ఇక లాభం లేదని, వేషంలో ఉన్నవాణ్ణి ఉన్నట్టే మైకు అందుకున్నాను.

"అయ్యలారా, అమ్మలారా! గా నీలం డ్రమ్ముల నీళ్లు తాగొద్దు. అవి చేతులు కడిగే నీళ్లు. తాగితే వాంతులైతయి, విరేచనాలైతయి!"

జనం గొల్లున నవ్వారు.

"ఓ దొరా! డ్రమ్ముల మొసలిని గిట్ల పెంచుతున్నవా?" అని ముందు వరుసలోంచి ఒకాయన.

"మొసలి లేదు, ఏం లేదు. నిజంగనే చెప్తున్న!"

నవ్వులు ఇంకా పెరిగాయి. ప్రతి కోతకు ముందు నేను అనే మాట అదేనాయె. స్టేజీ పక్కనుంచి అక్క నవ్వుకుంటూ వచ్చి గ్లాసు ముంచింది, అందరి ఎదుటా గటగటా తాగి పైకెత్తి చూపింది.

"తమ్మీ, సూడు, నేను తాగిన! నీ మొసలి నన్నే మింగుతదా?"

చప్పట్లు మోగిపోయాయి. భయంతో వెళ్లి గ్లాసు లాక్కున్నాను. ముఖం మాత్రం అలవాటు కొద్దీ గంభీరంగానే ఉండిపోయింది.

కోదాడ చేరేసరికి అక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. జట్టులో ఇంకొందరికి కూడా. దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగుతూ ఉండమంది, షుగరు చూపించుకోమంది, ఎండలోకి వెళ్లొద్దంది, ఆటపాటలు కొన్నాళ్లు మానమంది. మాకు బస ఇచ్చిన ఫంక్షన్ హాల్లో ఫ్యాను కింద చాప మీద పడుకుని అక్క ఒకటే మాట.

"రేపటికి లేస్త. లేవకుంట ఎట్లుంట?"

డ్రమ్ము కూడా మాతోపాటు వ్యానులో కోదాడ వచ్చింది. చేతులు కడుక్కోవడానికి కావాలన్నారు. దాని వెంట గ్లాసూ వచ్చింది. ఈసారి వేషం విప్పేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు ముందు నిలబడ్డాను. నిన్న కొందరికి జబ్బు చేసిందని మొదలుపెట్టానో లేదో, ఒక ముసలాయన లేచాడు.

"ఎవరండీ ఈయన? ఉపన్యాసాలు తర్వాత చెబుదురుగాని, ముందు పిట్టలదొరని పిలవండి!"

వెనక్కి వెళ్లి, చెమటకు తడిసి ముద్దయిన కోటు మళ్లీ తొడుక్కున్నాను. తుపాకి ఆ రోజు చాలా బరువనిపించింది. పోయి డ్రమ్ము పక్కనే నిలబడ్డాను.

"అయ్యలారా! ఈ డ్రమ్ము నీళ్లు అమృతం. నిజంగనే చెప్తున్న! మా తాత ఒక్క గ్లాసు తాగి ఎంత సన్నబడిండంటే, తాళమేసిన ఇంట్లకెల్లి తాళంచెవి సందుల పడి బయటికొచ్చిండు. మా మామ రెండు తాగిండు. హుజూర్‌నగర్ దాక బస్సెక్కలే, నడిసే పోయిండు, దొరికిన గట్టుకల్లా చెంబు పట్టుకొని కూసుంట కూసుంట!"

జనం పడీపడీ నవ్వారు. నవ్వుతూనే ఒక తల్లి తన పిల్ల చేతిలోని గ్లాసు లాక్కుని నీళ్లు పారబోసింది.

"ఏం కోస్తున్నాడే వీడు! ఆ నీళ్లు ఎట్లాంటివో తెలియదా మనకి?"

ఆ తర్వాత డ్రమ్ము దగ్గర చేతులు కడిగినవాళ్లే తప్ప తాగినవాళ్లు లేరు. గెలిచినట్టే. కానీ సంతోషించే ఓపిక లేక క్యాన్ల పక్కన గోడకు చేరగిలబడ్డాను.

మిర్యాలగూడలో అక్క లేచింది. చీర కట్టుకుంది, కొప్పులో పూలు పెట్టుకుంది. కోలాటం కర్రలు రెండూ ఒకే చేతిలో పట్టుకుంది. రెండో చెయ్యి కుర్చీ వెన్ను వదలడం లేదు. ముందు వరుసలో అత్తగారి వైపు వాళ్లంతా వచ్చి కూర్చున్నారు. వాళ్లను ఒకసారి చూసి నావైపు తిరిగింది.

"తమ్మీ, ఇటు సూడు. ఆడగల్గుతనా?"

నోట్లో కోత సిద్ధంగానే ఉంది. నువ్వు అడుగేస్తే స్టేజీ కింద బోరు పడుతుందక్కా అని. ఆమె వినాలనుకున్నదీ అలాంటిదే. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను.

"లేదక్కా. ఆడలేవు. పడిపోతవ్."

ఆమె నా ముఖం కేసి చూసింది. ఎప్పటిలాగే నవ్వి, "మల్ల కోసినవా" అంటుందనుకున్నాను. అంటే బాగుండుననిపించింది. ఆమె మెల్లగా కుర్చీలో కూర్చుని, కర్రలు తన వెనక నిలబడే ఆమెకు అందించింది.

"ఊరందరికీ అబద్ధాలు చెప్తవు. నాకు ఒక్కటి చెప్పకపోతివి."

ఓఆర్ఎస్ సీసా మూత తీసి ఇచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. మైకులో దొరను పిలుస్తున్నారు.

"పో," అంది. "గా డ్రమ్ము సంగతి గీడ గూడ చెప్పు. గట్టిగ కొయ్యి."

టోపీ పెట్టుకున్నాను.