బొగ్గుకుప్పకు రెండు ఎత్తులు

మా యార్డులో కెమెరాలు బిగించిన సంగతి గాజువాకలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు. కొన్ని కథల్లో నేను అసలు లేనే లేను. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

రిటైరయ్యే ఏడాది, దసరాకు కాస్త ముందు, పోర్టు దగ్గర ఒక ప్రైవేటు బొగ్గు యార్డులో సీనియర్ సర్వేయరుగా ఉండగా ఆ పని నాకు అప్పగించారు. అప్పటిదాకా నిల్వ లెక్కకు నేను కొలకర్ర పట్టుకుని కుప్ప ఎక్కేవాణ్ణి. బొగ్గుతో పాటు మోకాళ్ళూ జారేవి. కెమెరాలు పనిచేస్తే ఎక్కడం తప్పుతుంది.

అవి కుప్పను పైనుంచి చూస్తూ మన కళ్ళలాగే పక్కపక్కన ఉంటాయి. ఎడమ ఫోటోలోని బొగ్గుపెళ్ళ కుడి ఫోటోలో కొంచెం జరిగి కనిపిస్తుంది. ఎంత జరిగితే అంత దగ్గరున్నట్టు. అయితే పెళ్ళలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా, ఏది ఏదో ఎలా తెలుస్తుంది? ప్రతి జతకూ పోలిక ఎంత తప్పిందో కంప్యూటరు లెక్క కడుతుంది. దాన్ని కాస్ట్ అంటారు. అది తక్కువైన జతే అసలు జత. గ్రంథాలయంలో దీని మీదున్న ఒకే పుస్తకాన్ని నేను మళ్ళీ మళ్ళీ తెచ్చుకుని చదివాను.

ఇంజనీరు శ్రావణి ఈ కాస్ట్ కట్టే పద్ధతులు రెండు రాసింది. మొదటిది రెండు ఫోటోల వెలుగుల మధ్య తేడా తీస్తుంది. చాలా వేగం. రెండోది సెన్సస్. వెలుగెంతో దానికి అక్కర్లేదు. ఫోటోలోని ప్రతి చుక్కా ఇరుగుపొరుగు చుక్కలకంటే మసకా కాదా అన్నదే చూస్తుంది. నిదానం. పరీక్షల్లో రెండూ ఒకే ఎత్తు చెప్పడంతో వేగమైనదే ఖాయమనుకున్నాం.

మేనేజరు గారు చూడవచ్చిన ఉదయం సెన్సస్ ఎప్పటి ఎత్తే చెప్పింది. మొదటిది ఆకాశానికి ఎక్కింది.

"ఏటండీ, మన యార్డులోకి యారాడ కొండ ఎప్పుడొచ్చింది?" అన్నారాయన.

తలెత్తి చూశాను. ఎడమ కెమెరా అద్దం నిండా పసుపు. ముందురోజు ఆయుధపూజ. క్రేను ఆపరేటరు అప్పలరాజును పిలిచాను.

"ఏటి బావా ఇది?"

"క్రేన్లకీ లారీలకీ ఎట్టి, ఈటి కళ్ళకి ఎట్టకపోతే బాగుంటాదేటి?"

"మరి రెండో కంటికో?"

"పసుపైపోనాది బావా."

ఎడమ ఫోటో మసకబారడంతో మొదటి కాస్ట్‌కు ప్రతి పెళ్ళా వేరే పెళ్ళలా తోచి, ఎక్కడో దూరంగా ఉన్నదానితో జతకట్టి ఎత్తు పెంచేసింది. ఫోటో అంతా మసకబారినా చుక్కల్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నది మారదు కాబట్టి సెన్సస్ నిలబడింది. శ్రావణి, నేను వంతులేసుకుని వివరించాం. నేను పేజీ నంబరు కూడా చెప్పాను.

మేనేజరు గారు శ్రద్ధగా విన్నారు. "బాగుంది మాస్టారూ. ఈ రెండిట్లో ఏది నిజమో తేలాలి కదా. మీ కొలకర్ర ఎక్కడుంది?"

ఎక్కాను. అప్పలరాజు వెనకనుంచి తోశాడు.

"బావా, దీన్ని నీ పుస్తకంలో ఏటంటారు?"

పుస్తకంలో దాని పేరు గ్రౌండ్ ట్రూత్, అంటే అక్కడికే వెళ్ళి కొలిచి తేల్చిన నిజం. మోకాళ్ళ ప్రస్తావన లేదు.

కర్ర సెన్సస్ పక్షానే నిలిచింది. కెమెరాలు ఉండిపోయాయి. వాటిని సరిచూడటానికి నెలనెలా ఒకరు కుప్ప ఎక్కాలని మేనేజరు గారు ఆర్డరు వేశారు. రిటైరయ్యేదాకా ఆ ఒకరు నేనే.

అద్దాలు శుభ్రంగా ఉన్నప్పుడు కాస్ట్‌లను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే ఏమీ తేలదని, కొత్త కొలతకు పాత కొలతే సాక్ష్యమని ఆ ఏడాది తెలిసింది.

రెండు కాస్ట్‌లూ రాసిన శ్రావణికి, గడువు దాటినా పుస్తకం మళ్ళీ నాకే ఇచ్చిన లైబ్రేరియన్ సత్యవతి గారికి కృతజ్ఞతలు. అప్పలరాజుకు రెండుసార్లు: పసుపు పూసినందుకొకటి, పైకి తోసినందుకొకటి.