వ్యాఖ్య నంబరు 14,206

ఎవరేమన్నా దానికి కాగితం మీద జవాబు రాయందే ఊర్స్ ఎగ్లీ గారికి ముద్ద దిగదు.

జెనీవాలో మా పనీ అలాంటిదే. భూమి ఎంత వేడెక్కిందో శాస్త్రవేత్తలు నివేదిక రాస్తారు. దానికి ప్రపంచంలో ఎవరైనా వంక పెట్టొచ్చు, పెట్టిన ప్రతి వంకకూ జవాబుండాలి. ఆ జవాబులు సరిచూడటం ఎగ్లీ గారి బాధ్యత, ఆయనకు సాయం చేయడం నాది. ఆయన ఈ పద్ధతిని ఇంటికీ మోసుకెళ్లారు. సూప్‌లో ఉప్పెక్కువైందని భార్య మార్లీస్ గారంటే చీటీ వచ్చేది: "స్వీకరించాము. నీళ్లు కలిపాము." గురక పెడుతున్నారంటే: "తిరస్కరించాము. ఆధారం చాలదు." మర్నాడు ఆవిడ రికార్డు చేసి వినిపించారట.

ఆ ఏడు ముప్పై వేల వ్యాఖ్యలొచ్చాయి. 14,206వది పసిఫిక్‌లోని చిన్న దీవి నుంచి తెరెతియా అనే నర్సు రాసింది. దీవి మునిగేదాకా ఆగక్కర్లేదు, మా బావినీళ్లు ఇప్పటికే ఉప్పు, మీ నివేదికలో ఆ మాటే లేదు అని. అచ్చయిన ఆధారమేదీ జతచేయలేదు కాబట్టి నివేదిక రచయితలు తిరస్కరించారు, నేనూ సరేనన్నాను. ఎగ్లీ గారి మొహం పాలిపోయింది.

"ముప్పై వేలల్లో ఒకటి. దానికింత భయమెందుకండీ?" అన్నాను.

"ఆ ముప్పై వేలల్లో ఎవరు మునుగుతున్నారో మనకేం తెలుసమ్మా?"

ఆమెకు ఉత్తరం రాశారు. పదకొండేళ్లుగా బావినీళ్లలో ఉప్పు కొలిచి రాసుకున్న నోటుపుస్తకం ఆమె పంపింది. అది పట్టుకుని ఆయన అలాంటి దీవుల మీద అచ్చయిన పరిశోధనలు వెతికి, రచయితల వెంటపడ్డారు. సముద్రం ముంచకముందే తాగునీరు పోవచ్చన్న ఒక్క వాక్యం చివరికి నివేదికలో చేరింది.

అసలు భయం నివేదికను ఆమోదించే సభలో. దేశాలన్నీ వాక్యం వాక్యమూ ఒప్పుకోవాలి, ఒక్కరు పట్టుబట్టినా అది ఎగిరిపోతుంది. మా వాక్యం తెర మీదికి రాగానే ఒక ప్రతినిధి అభ్యంతరం చెప్పడానికి తన దేశం పేరున్న బోర్డు నిలబెట్టాడు. ఇదెవరడిగారు, తీసేయండి అన్నాడు. ఎగ్లీ గారు వ్యాఖ్యా, పరిశోధనల పేర్లూ, జవాబూ చదివారు. తర్వాత పెన్ను తీశారు.

"తీసేస్తే ఆవిడకు కారణం రాయాలండీ. ఏం రాయమంటారో చెప్పండి, రాసుకుంటాను."

హాలంతా ఆ ప్రతినిధి వైపే చూసింది. అతను బోర్డు పడుకోబెట్టాడు.

వాక్యం నిలిచిందని తెరెతియాకు రాస్తే ఆమె మా పద్ధతిలోనే జవాబిచ్చింది: "గమనించాము. బావి ఇంకా ఉప్పగానే ఉంది. ఇప్పుడేం చేస్తారు?"

అది చదివి నాకు మళ్లీ భయమేసింది. చేయాల్సింది ప్రభుత్వాలు, మేము కాదు. ఎగ్లీ గారు మాత్రం ఆ ప్రశ్నకు నకళ్లు తీయించి, కింద "దయచేసి జవాబు రాయగలరు" అని చేర్చి, దేశానికొకటి పంపమన్నారు. దాదాపు రెండొందల కవర్లు. చిరునామాలు రాస్తూ సగంలో ఉండగా చెయ్యి లాగేస్తోందని గొణిగాను.

బల్ల అవతలి నుంచి చీటీ వచ్చింది: "స్వీకరించాము. మిగతావి ఇటివ్వమ్మా."