గీ కట్ట అయినంక

మా చిన్నప్పుడు... గోడకు గడియారం ఉండేది కానీ, మా ఇంట్లో ఎవరూ దాని మొహం చూసేవారు కాదు. అమ్మ బీడీలు చేసేది. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. మాకు టైమంటే ఆ కట్టే... "రెండు కట్టలైనంక అన్నం తిందాం", "ఒక్క కట్ట ఆగు, జడేస్త".

నాన్న మస్కట్‌లో ఉండేవాడు. రోజుకు నలభై కట్టలు చేయాలని అమ్మ పట్టు. పదో తరగతి దాటాక కూడా నేను చదవాలి, ఒళ్లో బీడీల చాట పెట్టుకుని కూర్చోకూడదు... అదీ ఆమె పంతం.

దానికోసం తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. మొదలుపెట్టిన కట్టకు దారం పడేదాకా లేవకూడదు. నీళ్ల చెంబు కావాలనే చేతికందకుండా గడప దగ్గర పెట్టేది. గూట్లో బెల్లం ముక్క పది కట్టలయ్యాకే నోట్లోకి. నేను మధ్యలో లేచానో, తిట్లే తిట్లు.

"పానం అడుగుతనే ఉంటది బిడ్డా... అడిగినప్పుడల్లా ఇస్తే పని ఎప్పుడైతది?"

నేనూ నేర్చుకున్నాను. బడి నుంచి రాగానే పక్కన కూర్చుని కట్టలకు దారాలు కట్టేదాన్ని. దాహమేసినా, కాలు తిమ్మిరెక్కినా కదిలేదాన్ని కాదు. అదేదో పెద్ద ఘనకార్యమని గర్వం కూడా...

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. పసుపు ఉడకబెట్టే రోజులు, ఊరంతా అదే వాసన. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఎడమ భుజం నొక్కుకుంది. మొహమంతా చెమటలు.

"దవాఖానకు పోదాం పా అమ్మా."

"జర ఆగు... గీ కట్ట అయినంక."

ఆ కట్ట అయింది. ఇంకోటి మొదలుపెట్టింది. పక్కింటి రాజవ్వను పిలుద్దామనుకున్నాను, కానీ మధ్యలో లేస్తే తిడుతుంది కదా... త్వరగా అయిపోతుందని నేను కూడా బీడీ ఆకు అందుకున్నాను. మూడో కట్టకు దారం కట్టి తలెత్తేసరికి అమ్మ గోడకు ఒరిగిపోయి ఉంది.

అప్పుడు పరుగెత్తాను. రాజవ్వ ఆటో తెచ్చింది. నొప్పి ఎప్పుడు మొదలైందని దవాఖానలో డాక్టరమ్మ అడిగింది.

"మూడు కట్టల కింద మేడం" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "ముప్పావుగంటైంది మేడం" అని తనూ బీడీలు చేసే రాజవ్వ చెప్పింది. డాక్టరమ్మ చీటీ మీద అదే రాసుకుంది. అమ్మ బతకలేదు.

నేను చదువుకున్నాను. ఇక్కడే ఆర్మూర్‌లో టీచర్ని. 'మీ పట్టుదల ఎవరికీ రాదు టీచర్' అని మెచ్చుకుంటారు... నాకు ఒళ్లు మండుతుంది. ఎలా పట్టు పట్టాలో అమ్మ నేర్పింది. ఎప్పుడు వదలాలో పాపం ఆమెకే తెలియదు.

మొన్న నా కూతురు హోంవర్క్ రాస్తూ కడుపునొప్పి అంది. 'ఆ పేజీ అయినంక...' అనేశాను. నా గొంతు నాకే అమ్మ గొంతులా వినిపించింది. పుస్తకం మూసి పిల్లను తీసుకుని దవాఖానకు బయల్దేరాను. ఆ పేజీ ఇంకా సగంలోనే ఉంది, ఉండనీ...

ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని అందరూ అంటారు. నాకైతే అది మంచిదే అనిపిస్తోంది. మీ ఇళ్లలోనూ ఇలా ఆగమనే మాట ఉండేదా... రాయండి, చదువుతాను. కానీ మీ అమ్మ ఎప్పుడైనా భుజం పట్టుకుని 'జర ఆగు' అంటే మాత్రం... ఆగకండి.