ఔటర్‌లో దిగిన వ్యోమగామి

ఇప్పుడంటే ఎవరు అంతరిక్షానికి ఎగిరినా అన్నం తింటూ ఫోన్‌లో చూసేస్తున్నాం గానీ, నాకు కొత్తగా పెళ్ళయిన ఆ రోజుల్లో రాకెట్ల సంగతి తెలియాలంటే తూకానికి అమ్మే పాత పత్రికలే దిక్కు. తెలిసింది గోరంత. దాని మీద కొట్లాడుకోవడానికి మాత్రం మాకు పగలు చాలేది కాదు. నేను వరంగల్‌లో ఒక ధర్మకాంటా దగ్గర లారీల తూకం రాసేవాణ్ణి. పదో తరగతితో బడి మానేసినా లెక్కలు మానలేదు. రాకెట్ బరువెంత, అందులో ఇంధనం వాటా ఎంత అని, లారీ పళ్ళెం మీదికి ఎక్కి దిగేలోగా మనసులోనే వేసేసేవాణ్ణి. (డ్రైవర్లు నేను జపం చేస్తున్నాననుకుని హారన్ కొట్టకుండా ఆగేవాళ్ళు.)

నాలాంటి పిచ్చివాళ్ళందరం నెలకో శనివారం సాయంత్రం కాజీపేట రైల్వే క్వార్టర్లలో, మేమందరం కాకా అని పిలిచే గార్డు ఇంటి వరండాలో చేరేవాళ్ళం. మనిషి అంతరిక్ష యాత్రల చరిత్ర మీద వాదం. గూడ్సు బండ్లకు గార్డు కాబట్టి కాక వాదాన్ని కూడా బండిలాగే నడిపేవాడు. పచ్చజెండా ఊపితే మొదలుపెట్టాలి, ఈల వేసి ఎర్రజెండా చూపితే నోట్లో ఉన్న మాట నోట్లోనే ఆగిపోవాలి. ఎవరు ఏ పక్షమో చీటీ తీసి తేల్చేవాళ్ళం. గెలిచినవాడికి టెలిస్కోప్ దక్కేది. ఒక సైన్సు సారు రిటైరై సొంతూరికి పోతూ మాకు వదిలి వెళ్ళిన టెలిస్కోప్ అది. మళ్ళీ వాదం జరిగేదాకా గెలిచినవాడి ఇంట్లోనే ఉంటుంది.

ఆ నెల నాకు అది కావలసి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఏం మాట్లాడాలో తెలియక మా ఆవిడకు శనిగ్రహం చుట్టూ ఉండే వలయం గురించి చెప్పాను. అంతటితో ఆగక "మన డాబా మీది నుంచే చూపిస్తా" అన్నాను. ఆమె ఆ మాటను ధర్మసాగర్‌లోని పుట్టింటిదాకా చేరవేసింది.

"ఆదివారం మా నాయినోళ్ళు వస్తాండ్రు. శనికి చుట్టు ఉంగరం ఉంటది, మా ఆయన చూపిస్తడని చెప్పిన" అంది.

"ఆ టెలిస్కోప్ ఇంకా మన చేతికి రాలేదు కదా!"

"మరి గెలువుర్రి. మీకు అన్ని లెక్కలు వస్తయి కదా, ఫికర్ ఎందుకు?"

శనివారం తీసిన చీటీ నా కొంప ముంచింది. మొట్టమొదట అంతరిక్షానికి వెళ్ళొచ్చిన రష్యా ఆయన యాత్ర పూర్తయినట్టా, కానట్టా అన్నది విషయం. పూర్తి కాలేదని వాదించాల్సింది నేను. ఆయన ఫొటో పత్రికలోంచి కత్తిరించి కాంటా గదిలో గోడకు అంటించుకున్నవాణ్ణి నేను! ఎదుటిపక్షం మైకన్న. పెళ్ళిళ్ళకు మైకుసెట్లు కిరాయికి ఇచ్చేవాడు. మైకు లేకున్నా ఆయన మాట పక్క వీధిలో వినిపించేది.

పచ్చజెండా ఊగింది. నేను లెక్క తీశాను. ఆయన భూమిని చుట్టి దిగేటప్పుడు సుమారు ఏడు కిలోమీటర్ల ఎత్తున నౌకలోంచి బయటికి ఎగిరి, పారాచూట్‌తో విడిగా దిగాడు. నౌకతోపాటే నేలకు దిగితేనే రికార్డుగా ఒప్పుకోవాలని అప్పటి నియమం. ఆ సంగతి చాలా ఏళ్ళు బయటికి చెప్పనేలేదు. "ఏడు కిలోమీటర్లంటే ఎంతనుకుంటున్నరు? ఈ వరండా నుంచి హనుమకొండ దాకా ఉన్న రోడ్డును ఎత్తి నిలువుగా నిలబెట్టినంత! అంత దూరం మిగిలి ఉండంగనే బండి దిగినోడు గమ్యం చేరినట్టు ఎట్లయితది?" అన్నాను. నా మాటలకు నాకే ఒళ్ళు జలదరించింది. కాక తల పంకించాడు. టెలిస్కోప్ మా డాబా మీదికి ఎక్కేసిందనుకున్నాను.

మైకన్న లేచాడు. లెక్క గిక్క ఏమీ తీయలేదు. నా వైపు తిరిగి, "తమ్మీ, నువ్వు వరంగల్‌ల డ్యూటీ చేసి ఇటు దేంట్ల వచ్చినవ్?" అన్నాడు.

"ప్యాసింజర్‌ల."

"స్టేషన్ల దిగినవా?"

కాజీపేటలో ఎవరూ అడగని ప్రశ్న అది. బండికి లైన్ దొరక్క స్టేషన్ బయటి ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగితే క్వార్టర్లవాళ్ళు సగంమంది అక్కడే దూకి పట్టాలెంబడి ఇళ్ళకు నడిచిపోతారు. స్టేషన్‌దాకా పోతే మళ్ళీ వెనక్కి రావాలి మరి. అబద్ధమాడితే వాదం నాదే. కానీ లెక్క తప్పు చెప్పడం నా నాలుకకు అలవాటు లేదు.

"ఔటర్‌ల" అన్నాను. ఆగొచ్చు కదా? ఆగలేదు. "స్టేషన్‌కు ముప్పావు కిలోమీటరు ముందు" అని కూడా చేర్చాను.

వరండా అంతా ఒక్కసారి గొల్లుమంది. మైకన్న గొంతు పెంచాడు. "చూసిండ్రా! ముప్పావు కిలోమీటరు ముందు దిగిండట! మరి ఈ తమ్ముడు కాజీపేట వచ్చినట్టా, రానట్టా? రాకపోతే ఇంతసేపు మనతోని కొట్లాడింది ఎవరు, దయ్యమా? కాకా, నలభై ఏండ్ల సర్వీసుల నువ్వు ఎన్నిమార్లు ఔటర్‌ల దిగలే? ఆ రష్యా అన్న గూడ గంతే! పోయిండు, చుట్టిండు, నడుచుకుంట ఇంటికొచ్చిండు!"

ఎంత గొప్పగా చెప్పాడంటే, నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మా గోడ మీది మనిషి గెలిచాడు! ఆ సంతోషంలో ఓడింది నేనేనన్న సంగతి తట్టనే లేదు. కాక నా ముఖానికి అడ్డంగా ఎర్రజెండా ఊపాడు. "ఏయ్, కూసో! సొంత ఓటమికి చప్పట్లు కొట్టినోణ్ణి నిన్నే చూస్తున్న!"

ఇంటికి పోయి ఓడిపోయానని చెప్పాను. మా ఆవిడ వెంటనే, "అయితే శని మైకన్న ఇంటికాడ ఉన్నట్టు. మనమే పోదాం" అంది.

ఆదివారం పొద్దుగూకగానే అత్తింటివాళ్ళందరినీ వెంటబెట్టుకుని మైకన్న డాబా ఎక్కాను. మా మామ మెట్ల మీదే ఆగిపోయాడు. "అల్లుడా, ఆ శనిదేవుడు మనదిక్కు చూడకుంటే చాలని నూనె పోసి మొక్కుతాంటిమి. నువ్వేమో మమ్మల్నే పోయి ఆయన్ని చూడమంటవా?" అన్నాడు. మైకన్న నిజంగానే మైకు తీసుకుని, "ధర్మసాగర్ చుట్టాలు లైన్ల రావాలె! ఈయన ఏలినాటి శని గాదు, ఎప్పటికి ఉండే శని!" అని వాడ వాడంతా వినేలా ప్రకటించాడు. దాంతో చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళూ ఎక్కొచ్చారు. మామ భయం భయంగా కన్ను ఆనించి, ఇక పక్కకు జరగలేదు. మా ఆవిడ బతిమాలి లాగితే గానీ ఆమెకు వంతు రాలేదు.

ఆమె చూసింది. చాలాసేపు చూసింది. చుట్టాలనూ పొరుగువాళ్ళనూ ముందుకు పంపి మర్యాదగా చివర నిలబడ్డ నా వంతు వచ్చేసరికి మబ్బు కమ్మేసింది.

"వలయం ఎంత వంపుగ ఉంది? ఎన్ని డిగ్రీలు ఉంటది?" అని దారిపొడుగునా ఆమెను అడిగాను. (ఓడినందుకు లేని బాధ అప్పుడు కలిగింది.)

"మంచిగుంది" అంది.

"అట్ల గాదు, సుమారుగనన్న..."

"శానా మంచిగుంది" అంది, నా చెయ్యి పట్టుకుని.

తర్వాత సొంత టెలిస్కోప్ కొన్నాను. వలయం వంపు ఏ ఏడాది ఎంత ఉంటుందో లెక్క కట్టడం నేర్చుకున్నాను, చాలాసార్లు చూశాను కూడా. ఆ సాయంత్రపు వంపు ఎంతో కాగితం మీద వేసుకుని సరిచూసుకున్నాను. ఆ అంకెను మా ఆవిడకు చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని చూసి, "గింతేనా?" అంది. నిజమే. కొత్తగా పెళ్ళయిన ఇరవై అయిదేళ్ళ ఆ కుర్రాడు అడగాల్సింది డిగ్రీలు కాదేమో. కానీ పాపం, వాడికి వచ్చింది అదొక్కటే.