జాడించిన నీళ్ల రంగు

సహోదరులారా, కొన్నేళ్ల క్రితం ఇదే పెనుకొండ మీదుగా ధర్మవరం రైల్లో ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడుస్తూ వెళ్లిన పిల్లను నేనే! అప్పట్లో హిందూపురం దగ్గర బి.ఫార్మసీ చదువుతున్నాను, థియరీలో మంచి మార్కులే వస్తున్నాయి, కానీ ల్యాబులో ఒకే ఒక్క ప్రయోగం దగ్గర రెండుసార్లు ఫెయిలయ్యాను. మూడోసారీ తప్పితే ఏడాది పోతుంది, ఏడాది పోతే ఇంక చదువే ఉండదు, ఎందుకంటే పిల్లను మగ్గం మీద కూర్చోబెట్టమని మా బంధువులు అప్పటికే నాయనకు చెబుతున్నారు.

ఆ ప్రయోగం చూడటానికి చిన్నదే. పైన సన్నని గాజు గొట్టం, కింద ఫ్లాస్కు. గొట్టంలోని ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతూ, కింద లేత గులాబీ రంగు వచ్చి నిలవగానే ఆపేయాలి, అంతే! అందరూ ఆపుతారు, నేను మాత్రం ప్రతిసారీ దాటిపోతాను. సారు తిట్టారు, స్నేహితులు నవ్వారు, నాకు బుర్ర లేదని నేనే తేల్చేసుకున్నాను.

పరీక్షకు ముందు ఆదివారం, చదువు మానేస్తానని చెప్పడానికే ధర్మవరంలోని మా ఇంటికి వెళ్లి, చెప్పే ముందు మోకరించాను. "ప్రభువా, పాస్ చెయ్యమని అడగను, నా తప్పు యాడుందో చూపించు తండ్రీ, చూపిస్తే దిద్దుకుంటా" అని ఏడ్చాను.

మా నాయన పట్టునూలుకు రంగులు వేస్తారు, ఆయన ప్రభువును ఎరుగరు. అప్పుడాయన పెరట్లో ఎర్రరంగు వేసిన పట్టును జాడిస్తున్నారు. పోయి పక్కన కూర్చున్నాను.

"ఏం పాపా, మొగం అట్లుండాది?" అన్నారు.

లేత గులాబీ రంగు సంగతి చెప్పాను. ఆయన మూడోసారి జాడించిన నీళ్ల తొట్టి చూపించి, "ఈ మాదిరా? ఇది రంగెట్లవుతాది పాపా, జాడించిన నీళ్లు గదా!" అని నవ్వారు.

సహోదరులారా, నా తప్పు యాడుందో అప్పుడు తెలిసింది! రంగంటే నిండుగా పట్టాలని చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిన నా కళ్లకు ఆ లేత రంగు అసలు రంగుగా కనిపించనే లేదు. బుర్ర తక్కువై కాదు, మా ఇంటి విద్య ఎక్కువై తప్పాను!

పరీక్షలో నాయన పారబోసే నీళ్ల రంగు రాగానే ఆపాను. ప్రయోగం మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకే లెక్క వచ్చింది, పాసయ్యాను, దేవునికే మహిమ! ఈ రోజు హిందూపురం దగ్గర మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో ఉన్నాను, మా బల్ల మీద పాస్ కాకుండా ఒక్క మాత్ర కూడా గేటు దాటదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే ఈ పని నాకిచ్చింది దేవుడు. మొన్న మా నాయన బీపీ మాత్ర చేతిలో పట్టుకుని, "ఇట్లాటివి పరీక్ష చేసేది మా పాపే" అని వీధంతా వినేలా చెప్పి మరీ మింగారు!

పరీక్ష తప్పిన బిడ్డలారా, మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి, తప్పెక్కడుందో చూపించమని దేవుణ్ణే అడగండి, ఆయన్ను నమ్మండి. ఆయన ఎవరి నోటైనా జవాబు చెప్పించగలడు, నాకు తనను ఎరుగని మా నాయన నోటే చెప్పించాడు. ఇప్పుడు మా నాయనతో నా నోట మాట్లాడమని ఆ దేవుణ్ణే అడుగుతున్నాను. మీరూ ప్రార్థించండి.